సలాడ్‌కి తెచ్చిన ఒలీవ నూనె

మే 1974, మంగళవారం

రేపు హోటల్లో దొరల భోజనం. గ్రీకు సలాడ్ మీద పోసే డ్రెస్సింగ్ చేసి చూపిస్తే వంటలోకి తీసుకుంటాను, లేకపోతే జన్మంతా గిన్నెలు తోముకో అన్నాడు మేనేజరు. ఆలివ్ ఆయిల్ గవర్నర్‌పేటంతా తిరిగితే ఒక్క మందుల షాపులో దొరికింది, చంటిపిల్లలకు రాసేది. అదే ఆఖరి సీసా. ఇంటికొచ్చి మచ్చుకి రెండు చెంచాల నూనెలో నిమ్మరసం, ఉప్పు, దంచిన వెల్లుల్లి వేసి గిలక్కొట్టాను. ఆ దొరలు అందులో వేసుకునే వాసన ఆకు ఇక్కడెక్కడిది, వాము ఆకు నలిపి వేశాను. దోసకాయ ముక్క ముంచుకు తింటే అద్భుతంగా ఉంది.

కుళాయి దగ్గరకు వెళ్లొచ్చేసరికి సీసా ఖాళీ. పక్షవాతంతో పడిపోయిన నాన్న కాళ్లకు నూనంతా రాసి అమ్మ ప్రార్థన చేస్తోంది.

"ఏంటమ్మా ఇది?"

"సీసా మీద రాసింది పక్కింటి పిల్లతో చదివించాన్లే. ఒలీవ నూనె అంటగా. బైబిల్లో రోగులకు రాసే నూనె, నాన్న కోసం కాకపోతే ఇంకెందుకు తెస్తావు?"

నాన్న తల తిప్పి చూశాడు. "నా కోసం ఊరంతా తిరిగావంట్రా?"

అవునన్నాను.

రేపు మళ్లీ ఆ మసిగిన్నెలే. కడుపు మండిపోతోంది. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశారు ఇద్దరూ.