నాలుగో మడిలో చేప

జూలై 2

నిన్న వాన. పడినదాంట్లో సగం నా ప్లాస్టిక్ రేకుల మీది నుంచి జారి కాలువలోకి పోయింది. పోవాలి. అందుకే పెట్టాం రేకులు.

తమ్ముడు కిటికీలోంచి చూస్తూ, మొక్కల నోటి దగ్గర నీళ్లు లాక్కునే ఉద్యోగం నీకెలా దొరికిందే అక్కా అన్నాడు. తరవాత టీ అడిగాడు.

జూలై 5

అక్టోబరులో కమిటీ వస్తోంది. ఆరేళ్లుగా చూస్తున్న ఈ మళ్లను ఉంచాలో, దున్నేసి గోడౌన్ కట్టాలో అప్పుడు తేలుస్తారు.

మెట్టనేల పొదలు ఇవి. కొన్ని మళ్లకు వాన మొత్తం, కొన్నిటికి పైన రేకులు కప్పి సగం. కొన్నిటికి యూరియా, కొన్నిటికి ఏమీ లేదు. వానలు తగ్గి, నేల బలం మారితే ఇవి ఎలా బతుకుతాయో చూడాలి. నాలుగో మడికి సగం వాన, ఎరువు సున్నా. ఆ రకంలో మిగిలింది అదొక్కటే. మిగతావి నిరుడు పందులు తవ్విపోశాయి. ఇదీ పోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

మా క్వార్టర్స్ పెరటి తలుపు తీస్తే ఎదురుగా కనిపించేది ఆ మడే.

జూలై 19

నాలుగో మడి పచ్చబడింది.

జూలై 20

పచ్చబడకూడదు. రేకులకు చిల్లు లేదు. కాలువ పొంగలేదు. ఫీల్డ్ అసిస్టెంట్ కొలిచాడు, నేను కొలిచాను, మళ్లీ అతను కొలిచాడు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది, అందరూ అతన్ని టేపు అనే పిలుస్తారు. మీ ప్రార్థనలు పనిచేస్తున్నాయేమో మేడమ్ అన్నాడు.

వాన కోసం నేను ప్రార్థించను. ఈ ఉద్యోగంలో చేరాక మానేశాను.

ఆగస్టు 6

ల్యాబ్ నుంచి మట్టి రిపోర్ట్ వచ్చింది. ఏమీ వేయని నాలుగో మడిలో నత్రజని, యూరియా వేసిన మడికంటే ఎక్కువ. లేబుళ్లు తారుమారు చేసి ఉంటారు మేడమ్ అని ఫోన్‌లో అమ్మాయి. లేబుళ్లు నేనే అంటించాను. ఫోన్ పెట్టేశాను.

కాసేపటికి మరదలి ఫోన్. ఆమెకు బదిలీ అయింది. ఇల్లు సర్దుకునేదాకా రెండు వారాలు అని చేపల తొట్టెతో సహా నా దగ్గర దిగాడు తమ్ముడు. ఆ రెండు వారాలు ఇంకా అవుతూనే ఉన్నాయి. మీరు కంచం నోటి ముందుకు తెస్తుంటే ఆయన ఇక్కడికెందుకొస్తారు వదినా అంది.

నాకు ఒళ్లు మండింది. వాడి టీ చల్లారిపోతే మళ్లీ పెట్టిచ్చాను.

ఆగస్టు 24

తమ్ముడు స్నేహితుడి ఊరు వెళ్లాడు, కొన్నాళ్లు ఉండి వస్తానని. చేపలకు మేత చిటికెడే వెయ్యాలని గుమ్మంలో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి, ఆటో ఎక్కాక ఒకసారి చెప్పాడు. నీళ్లు మాత్రం మార్చకు, నీకు తెలీదు, అది నా డిపార్ట్‌మెంట్ అన్నాడు.

సెప్టెంబరు 9

వాన జాడ లేదు. పక్క మళ్లలో పొదలు ఆకులు ముడుచుకుని ఓపిక పట్టాయి. నాలుగోది తల వేలాడేసింది. అంత ఆకు, అంత పొగరు. గాలి వీస్తే చాలు, రాలుతోంది.

నాకే ఓపిక లేదు. రోజూ రేకులు తుడిచి, తుడిచి.

సెప్టెంబరు 11, ఉదయం 6

నాలుగో మడిలో చేప దొరికింది.

సెప్టెంబరు 11, సాయంత్రం

ఎండిన చేప. చిటికెన వేలి గోరంత. నారింజ రంగు ఇంకా పోలేదు. టేపు వంగి చూసి, వరదేమైనా వచ్చిందా మేడమ్ అన్నాడు. నేను నవ్వలేదు.

తొట్టె నీళ్లు. చేపల మలం, మిగిలిన మేత, అన్నీ కలిసిన నీళ్లు. మొక్కకు అంతకంటే విందేముంది.

ఫోన్ చేశాను. ఆదివారం ఆదివారం రెండు బకెట్లే కదక్కా అన్నాడు తమ్ముడు. తలుపు తీస్తే చాలు, బిక్కమొహం వేసుకుని నావైపే చూసేది, మనసొప్పలేదు, పచ్చబడితే నువ్వు సంతోషిస్తావనుకున్నా అన్నాడు.

సరే అన్నాను. పళ్ల మధ్య నుంచి.

ప్రార్థనకు కూర్చున్నాను. కళ్లు మూసుకుంటే బకెట్టే కనిపించింది.

సెప్టెంబరు 20

తమ్ముడు వచ్చాడు. కూర్చోమనకుండా మడి దగ్గరికి తీసుకెళ్లాను. చచ్చిన పొదను పెరికించాను. వేరు బెత్తెడు లేదు. తరవాత గట్టు మీద దానంతట అదే మొలిచిన పొద దగ్గర తవ్వించాను. వాడి చెయ్యి మోచేతిదాకా గుంటలోకి దిగింది, వేరు చివర అందలేదు. అందినంతవరకు కోసి ఇచ్చాడు టేపు.

రెండూ చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఇదేంటక్కా ఇంత పొట్టిగా అన్నాడు. అడక్కుండానే పైన దొరుకుతుంటే కిందికెందుకు దిగుతుంది అన్నాను. అంటే నా వల్లే చచ్చిందా అన్నాడు. అవునన్నాను.

సాయంత్రం టీ అడగలేదు. నేనే ఇచ్చాను.

అక్టోబరు 7

కమిటీకి రిపోర్ట్. పందులని రాసేద్దాం మేడమ్, నిరుడు నమ్మారు కదా అన్నాడు టేపు. టేపు చెప్పింది సబబుగా ఉందక్కా అన్నాడు తమ్ముడు. ఇద్దరికీ ఇప్పుడే స్నేహం కలవాలా.

చేపల తొట్టె అని రాశాను.

అక్టోబరు 15

కమిటీ నవ్వింది. ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. నేను రెండు వేర్లూ బల్ల మీద పెట్టాను. నవ్వు ఆగింది. వాళ్లలో పెద్దావిడ పొడవాటి వేరును చాలాసేపు తిప్పి చూసింది.

ఇంకొక్క సీజన్ ఇచ్చారు. నాలుగో మడి మళ్లీ నాటాలి. క్వార్టర్స్‌లో చేపల తొట్టె ఉండకూడదు.

ఇంటికొచ్చి చెప్పాను. తొట్టె లేకపోతే నేనిక్కడ ఎలా ఉంటానే అన్నాడు తమ్ముడు, నేను బతిమాలతాననుకుని.

మీ ఆవిడ దగ్గర ఉండు అన్నాను.

కమిటీ తొట్టె సంగతే కదా అంది అన్నాడు. అవును, నువ్వు వెళ్లాలన్నది నేనే అంటున్నాను అన్నాను.

అక్టోబరు 19

వెళ్లాడు. మూత ఉన్న బకెట్లో చేపలు, చంకలో ఖాళీ తొట్టె. బయల్దేరే ముందు మిగిలిన నీళ్లు పట్టుకుని పెరటి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎక్కడ పొయ్యను అన్నాడు.

కాలువలో అన్నాను.

నవంబరు 2, ఉదయం 7

తమ్ముడు ఫోన్ చేశాడు. టీలో పొడి ఎంత వెయ్యాలక్కా అని.

ఎంతో నాకు తెలుసు. చెప్పలేదు.