టైపు టీచర్ ధనలక్ష్మి బుద్ధి స్థిరంగానే ఉంది

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, మహబూబ్‌నగర్ జిల్లా, వనపర్తి పట్టణం, బస్టాండు వెనక వీధి నివాసి, కీర్తిశేషులు కురుమయ్య గారి రెండవ కుమార్తె, అవివాహిత, అరవై రెండేళ్ల ధనలక్ష్మి అను నేను, ఒకరు చెప్పగా కాక, ఒకరికి భయపడీ కాక, పగటి వెలుతురులో, నా సొంత తెలుగు టైపు మిషన్ మీద, నా పది వేళ్లతో కొట్టుకుంటున్న మరణశాసనం ఇది. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఇకముందు రాస్తే, మనసు మారిందని అర్థం. అప్పుడు దీన్ని చింపేయవచ్చు.

నా బుద్ధి స్థిరంగా ఉంది. ఈ సంగతి మామూలుగా ఒక్క వాక్యంలో తేలిపోతుందని అడ్వకేటు వెంకట్రాములు గారు అన్నారు. నా విషయంలో తేలదు. పోయిన నెల మా తమ్ముడు సుదర్శన్ ఒక పెళ్లి పంక్తిలో, నాకు వెనకగా కూర్చుని, పక్కాయనతో అన్న మాటలు ఇవి: "అక్క ఎవలికి ఏం రాసిచ్చినా చెల్లది. ఆమెకు ఎన్కట బుద్ధి ఖరాబైంది. చచ్చేటోళ్ల గుంపుల కలిసింది. కోర్టుల నేనే చెప్త." చెవులు నాకు బాగానే పనిచేస్తాయి. సుదర్శన్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం కూడా కోర్టువారికి తెలియాలి కాబట్టి ఈ వీలునామా కొంచెం పొడుగైంది. చదివేవారు మంచినీళ్లు దగ్గర పెట్టుకోవాలి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పైన చెప్పిన వెంకట్రాములు గారిది. ఆయన ఒకప్పుడు నా దగ్గర టైపు నేర్చుకుని లోయర్ పరీక్ష రెండుసార్లు తప్పినవారు. అయినా నిజాయితీపరులు. దస్తావేజు భాషలో ఆయన సరిదిద్దిన చోట్ల నేను ఊరుకున్నాను. కథ చెప్పిన చోట్ల ఆయన ఊరుకున్నారు.

2. సదరు వీధిలోని పెంకుటిల్లు, దాని ముందు భాగంలోని టైపు ఇన్‌స్టిట్యూటు గది నా స్వార్జితం. పిల్లలకు టైపు నేర్పిన జీతంతో కొన్నాను. ఇందులో పిత్రార్జితం ఇటుక ముక్క కూడా లేదు. వాటిపై నాకు సర్వహక్కులు ఉన్నాయి.

3. ఇక బుద్ధి సంగతి. 2003లో మా అక్క భాగ్యమ్మ పోయింది. అక్క చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని వచ్చింది, నేను పెళ్లే చేసుకోలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ హాయిగా బతికాం. అక్క పోయిన ఏడే ఇన్‌స్టిట్యూటుకు పిల్లలు రావడం మానేశారు. అందరూ కంప్యూటర్ల వైపు పోయారు. గది నిండా మిషన్లు ఉండేవి, ఒక్కటీ చప్పుడు చేసేది కాదు. నాకు నిద్ర పోయింది, ఆకలి పోయింది, చచ్చిపోవాలనిపించింది. ఈ వాక్యాన్ని నేను దాచడం లేదు. సుదర్శన్ కావాలంటే దీన్ని కోర్టులో బిగ్గరగా చదువుకోవచ్చు.

అప్పుడే సుదర్శన్ కొడుకు హరీష్ నన్ను అడిగి నా గదిలో ఇంటర్నెట్ సెంటర్ తెరిచాడు. కీబోర్డు మీద అక్షరాల వరస నా ఇంగ్లీషు మిషన్ మీద ఉన్నదే కాబట్టి నాకు నేర్చుకోవాల్సింది పెద్దగా లేకపోయింది. ఒక మధ్యాహ్నం హరీష్ భోజనానికి పోయినప్పుడు, వెతికే చోట ఇంగ్లీషులో "నాకు బతకాలని లేదు" అని కొట్టాను. ఒక్క అచ్చు తప్పు కూడా లేదు.

ఒక గుంపు తెరుచుకుంది. దేశదేశాల మనుషులు, అందరూ నాలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లే. వాళ్లలో ఒక మూలన కొందరు తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటున్నారు. ఎవరికీ అసలు పేరు లేదు. నేను "హయ్యర్" అని పెట్టుకున్నాను, టైపులో నేను ప్యాసైన పెద్ద పరీక్ష అదే గనుక. నాతో మొదట మాట్లాడిన మనిషి పేరు "తెల్వదు". ఆ పేరు చూడగానే ఇది మన పాలమూరు పిల్లే అనుకున్నాను. నేను నా బాధంతా పేజీ నిండా కొట్టి పంపితే, ఆ పిల్ల దానికి ఒక్క ముక్క జవాబు రాసింది: "ఇయాల ఏం తిన్నవ్?"

ఏమీ తినలేదని రాశాను.

"పో, జర అన్నం తిని రా. నేను గిడనే ఉంట."

నాకు కోపం వచ్చింది. చావు గురించి మాట్లాడుతుంటే అన్నం గురించి అడుగుతుందేమిటని. అయినా వెళ్లి, పొద్దుటి అన్నంలో చింతకాయ తొక్కు కలుపుకుని తిని వచ్చాను. ఆ పిల్ల ఉంది. "తిన్నవా?" అని అడిగింది. తిన్నానంటే, "నేను కూడ తిని వస్త, నువ్వు ఉండు" అని వెళ్లింది. నేను ఉన్నాను. ఆ రోజు మా ఇద్దరి పని అంతే.

4. ఆ గుంపులో అందరూ మంచివాళ్లని ఈ పత్రం ద్వారా ఎవరూ అనుకోకూడదు. "నల్లమబ్బు" అనే పేరుతో ఒకడు ఉండేవాడు. ఎవరైనా ఏడిస్తే వాడు ఓదార్చేవాడు కాదు, ముందుకు తోసేవాడు. ధైర్యం అనే మాటను అంత పాడు చేసినవాణ్ని నేను చూడలేదు. వాడు ఎవరో, ఎక్కడివాడో నాకు తెలియదు. సదరు నల్లమబ్బుకు నా ఆస్తిలో చిల్లిగవ్వ చెందదు. నా క్షమ కూడా చెందదు.

5. మరొకరు "మల్లెమొగ్గ". కర్నూలు వైపు మనిషని నా అంచనా. పిల్లల నిద్ర గురించి, ఇంట్లో ఉడికే పప్పు గురించి ముచ్చటగా రాసేది. 2006లో ఒక రోజు నుంచి రాయడం మానేసింది. నేను, తెల్వదు ఎన్నో రోజులు పిలిచాం. ఏమైందో ఈనాటికీ తెలియదు. బాగుపడి మమ్మల్ని మరిచిపోయిందనే నేను అనుకుంటాను. అలా అనుకునే హక్కు నాకుంది. మా అక్క భాగ్యమ్మ గంధం రంగు పట్టుచీరను ఆమెకు ఇస్తున్నాను. ఎప్పుడైనా ఎవరైనా వచ్చి ఆ పేరు చెబితే, ఏ రుజువూ అడగకుండా ఇవ్వవలెను. ఎవరూ రాకపోతే చీర బీరువాలోనే ఉండాలి. దాన్ని అమ్మకూడదు, మరొకరికి పెట్టకూడదు.

6. బీరువా కింది అరలో ఉన్న నా బంగారు గొలుసును, ఇంటి వెనక భాగాన్ని మా తమ్ముడి కొడుకు హరీష్‌కు ఇస్తున్నాను. కారణం ఇది.

2005 వానాకాలంలో ఒక ఉదయం, "తెగినపోగు" అనే కుర్రాడు గుంపులో "అందరికి సెలవు. మీరు మంచోళ్లు" అని రాశాడు. కింద వెంటనే నల్లమబ్బు వాడి పాత "ధైర్యం" మాటే రాశాడు. ఆ కుర్రాడు గద్వాల నేత ఇంటివాడని, అక్కడ బస్టాండు పక్కనున్న ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుంటాడని అంతకుముందు మాటల్లో తెలిసింది. బస్సుల అనౌన్సుమెంట్లు వాణ్ని మనశ్శాంతిగా ఏడవనివ్వవని ఒకసారి రాసుకున్నాడు.

నేను తెల్వదుకు రాశాను: "వాణ్ని లేవనియ్యకు. నేను పోతున్న." తరువాత హరీష్‌తో, "బండి తియ్యి, గద్వాల పోవాలె" అన్నాను. వాడు ఎందుకని అడగలేదు. కట్టుకున్న నూలుచీరతో, తలకు తువ్వాలు చుట్టుకుని, యాభై ఎనిమిదేళ్ల దాన్ని మోటారు సైకిలు వెనక కూర్చున్నాను. పెబ్బేరు దాటాక వాన అందుకుంది. బీచుపల్లి వంతెన మీద కృష్ణ ఎర్రగా పారుతోంది, గాలికి బండి పక్కకు పోతోంది. హరీష్ "అత్తా, భయమైతుందా?" అని అరిచాడు. "నడుపురా!" అని నేనూ అరిచాను. నిజానికి చాలా భయమేసింది. అన్నాళ్లుగా చావు కోరుకున్న మనిషికి, ఆ వంతెన మీద, పడిపోకూడదని అంత గట్టిగా అనిపించింది. ఆ సంగతి ఆలోచించుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మేము దారిలో ఉన్నంతసేపూ నాగర్‌కర్నూల్‌లో ఒక సెంటర్‌లో కూర్చుని తెల్వదు ఆ కుర్రాణ్ని వదల్లేదు. వద్దని బతిమాలలేదు, నీతులు చెప్పలేదు. "పోయేటోడివి పోతవ్ గని, నూలు చీరకు పట్టు అంచు ఎట్ల కలుపుతరో చెప్పిపో. నాకు ఎన్నడు సమజ్ కాలే" అని అడిగింది. వాడు చెప్పాడు. "సమజ్ కాలే" అంది. మళ్లీ చెప్పాడు. అంచు పట్టుపోగు, చీర నూలుపోగు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో ఒంటివేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఆ పిల్లకు ఎంతకూ అర్థం కాలేదు.

నేను తడిసి ముద్దయి ఆ సెంటర్‌లో అడుగుపెట్టేసరికి వాడు ఇంకా అదే వివరిస్తున్నాడు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "చెయ్యి గట్ల పెట్టొద్దు నాయనా, మణికట్టు నొస్తది" అన్నాను.

వాడు తిరిగి చూశాడు. "ఎవలమ్మా మీరు?"

"హయ్యర్."

వాడు నా తలకు చుట్టిన తడి తువ్వాలు చూసి, "హయ్యర్ అంటే హైదరాబాద్‌ల ఎవడో లావుటి సారు అనుకున్న" అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. నా తడి కొంగు పట్టుకుని ఏడ్చాడు. హరీష్ వెళ్లి మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చాడు. ముగ్గురం తిన్నాం. తరువాత వాళ్లింటికి వెళ్లాం. వాళ్లమ్మ జములమ్మ సంగతంతా విని, కొడుకును కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టలేక ఒళ్లోకి లాక్కుంది. "నాకెందుకు చెప్పలే బిడ్డా" అని ఒక్కటే మాట. వాడి కష్టాలు ఆ రోజు తీరలేదు. కానీ చెప్పుకోవడం ఆ రోజు మొదలైంది.

ఆ రోజు హరీష్‌ను వానలో నాతో తిప్పానని సుదర్శన్ నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లు కూడా ఈ ఆస్తితో పాటు హరీష్‌కే చెందుతాయి, వాడు గర్వంగా అనుభవించవలెను.

7. ఆ కుర్రాడి పేరు శివకుమార్. ఇన్‌స్టిట్యూటు గదిని అతనికి, హరీష్‌కు సమాన హక్కులతో ఇస్తున్నాను. అతను ఇప్పుడు అదే గదిలో సగభాగంలో తన ఇంటి చీరలు అమ్ముతున్నాడు. బేరం చేయడం వాడికి చేతకాదు, అది వెంకట్రాములు గారు కాస్త నేర్పాలి. షరతు ఒకటే. గది బయటి బెంచీని తీసేయకూడదు. దాని మీద ఎవరైనా ఊరికే చాలాసేపు కూర్చుంటే, లెమ్మని చెప్పకుండా, ఏం తిన్నారో అడగవలెను. అవసరమైతే దవాఖానకు వెంట వెళ్లవలెను.

8. దవాఖాన మాట వచ్చింది కాబట్టి: గుంపు మాటలతోనే నాకు నయమైందని ఎవరూ అనుకోవద్దు. శివకుమార్‌ను డాక్టరుకు చూపించమని నేను పోరు పెడితే, తెల్వదు నా మీదికే తిరిగింది. "మరి నువ్వు పోయినవా?" అంది. సిగ్గేసింది. గోపాల్‌పేట డాక్టరు సామ్యూల్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయన నన్ను, శివకుమార్‌ను కర్నూలులో మనసు జబ్బులు చూసే డాక్టరు వద్దకు పంపారు. మాత్రలు వేసుకున్నాను. నిద్ర వచ్చింది, తరువాత ఆకలి వచ్చింది, చివరికి పక్కింటి నర్సమ్మతో నీళ్ల దగ్గర జగడమాడే ఓపిక వచ్చింది. నాకు వచ్చింది జబ్బు. జబ్బు తగ్గింది. టైఫాయిడ్ వచ్చి తగ్గిన మనిషి చేసిన సంతకం చెల్లదని సుదర్శన్ ఏ కోర్టులోనైనా అనగలడా?

9. మా తమ్ముడు సుదర్శన్‌కు నాన్న గారి గోడ గడియారాన్ని ఇస్తున్నాను. అది ఎన్నో ఏళ్ల కిందటే నన్ను అడగకుండా పట్టుకుపోయాడు. ఇప్పుడు చట్టబద్ధంగా ఇస్తున్నాను. దానితో పాటు నా దిండు కింద ఉండే ఫొటో కూడా ఇస్తున్నాను. చిన్నప్పుడు కురుమూర్తి జాతరలో, ఎత్తు సరిపోక దేవుడు కనపడటం లేదని వాడు ఏడిస్తే, నా భుజాల మీద కూర్చోబెట్టుకున్నప్పటిది. అప్పుడు బాగా బరువుండేవాడు. ఇప్పుడు కూడా అంతే.

10. నా తెలుగు టైపు మిషన్‌ను డాక్టరు సామ్యూల్ గారికి ఇద్దామనుకున్నాను. ఆయన చేతిరాత మందుల షాపువారికే అర్థం కాదు. కానీ సాక్షిగా ఉండమని ఆయన్ను అడిగాను కాబట్టి మిషన్ జములమ్మ మనవరాలికి ఇస్తున్నాను. ఆ పిల్ల పుట్టి నెల కూడా కాలేదు. శివకుమార్ కూతురు.

11. నేను ఎప్పుడు పోయినా, వచ్చిన చావుతో పోయాననే అందరూ నమ్మవలెను. దానికి తొందరేమీ లేదు. ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టాల్సి ఉంది, వచ్చే నెల శ్రీశైలం పోవాల్సి ఉంది.

12. ఇక మిగిలింది తెల్వదు. అసలు పేరు సౌందర్య, తెలకపల్లి మండలంలో కూలిపని చేసుకునే వాళ్ల బిడ్డ. నాకు అన్నం తినమని చెప్పిన రోజుల్లో ఆమె కూడా చావు ఆలోచనతోనే అక్కడ ఉందని చాలా కాలానికి గాని చెప్పలేదు. ఎందుకు ఆగావని అడిగితే, "నువ్వు తిని వస్తనన్నవ్ గద. వచ్చినంక నేను లేకుంటే పరేషాన్ అయితవని ఉన్న" అంది. ఇప్పుడు ఆర్టీసీలో కండక్టరు. ఇంట్లో మంచి భాగం ఆమెకే రాశాను. ఆమె చదివి, ఆ పేజీ మిషన్‌లోంచి లాగి నా చేతిలో పెట్టింది. ఆస్తి తీసుకునేవాళ్లు సాక్షి సంతకం పెడితే రేపు కోర్టులో అనుమానిస్తారని వెంకట్రాములు గారు ఆమెకు చెప్పారట. "అయితే నాకు ఆస్తి ఒద్దు టీచర్. నీ బుద్ధి మంచిగుందో లేదో నాకంటె ఎవలికి ఎరుక? సంతకం నేనే పెడ్త" అంది. నేను ఎంత చెప్పినా వినలేదు. కాబట్టి సౌందర్యకు ఈ వీలునామా ద్వారా ఏమీ చెందదు. ఆమె కోరుకున్నది ఈ పేజీ చివర ఉంది.

పైన రాసినదంతా నేను చదువుకుని, రెండు అచ్చు తప్పులు దిద్దుకుని, నా ఇష్టపూర్తిగా సంతకం చేస్తున్నాను.

వనపర్తి,
2009 ఫిబ్రవరి 18.

(సంతకం) కె. ధనలక్ష్మి

పైన పేర్కొన్న ధనలక్ష్మి గారు మా ఇద్దరి ఎదుట, పూర్తి తెలివితో సంతకం చేసినారు. మేమిద్దరం వారి ఎదుట సంతకం చేసినాము.

సాక్షులు:

1. డాక్టరు సామ్యూల్, గోపాల్‌పేట. నేను ఆమెను పరీక్షించాను. మనసు ఆరోగ్యంగా ఉంది. రక్తపోటు కొంచెం ఎక్కువ.

2. సౌందర్య, కండక్టరు, నాగర్‌కర్నూల్ డిపో. బస్టాండుల బస్సు ఆపి వచ్చిన, డ్రైవరన్న హారన్ కొడుతుండు, జల్ది రాస్తున్న. టీచర్ ఇయాల రెండు జొన్నరొట్టెలు, గుడ్డుకూర తిన్నది. నేను కండ్లార చూసిన.