కరీం వెనక నడక

ఆదివారం, బర్మింగ్‌హామ్

టీబీ మాత్రలు అయిపోయాయి. ఇక ఎవరికీ అంటదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు, రూములో అందరికీ చెప్పాను. మళ్ళీ నడక మొదలుపెట్టాను. తోడు వచ్చేది రూమ్మేటు కరీం ఒక్కడే, మా బందరువాడే. ఆయాసం వల్ల నేనే వెనకబడుతున్నాననుకునేవాణ్ణి. ఇవాళ ఊపిరి బాగా ఆడింది. పార్కులో అతణ్ణి అందుకున్నాను. పక్కకి రాగానే అడుగు పెంచాడు.

ఇంటికొచ్చాక రొయ్యల కూర. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. జబ్బుకు ముందు నేనూ అందులోనే తినేవాణ్ణి. ఇప్పుడు నాకు విడిగా పెట్టారు.

"నువ్వు బాగా తినాలి బావా, ఇందులో అయితే నీ వాటా కూడా మేమే లాగేస్తాం," అన్నాడు కరీం.

నవ్వాను. వీళ్ళు కూడా లేకపోతే ఈ ఊళ్ళో నాతో తెలుగులో మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు.

రేపు ఊపిరి ఆడినా సరే, కావాలనే వెనక నడుస్తాను.