మూడు అడుగులు, ఒక ఈడ్పు

హాప్‌కిన్స్, ఆదివారం

మా ఫెలీసియా అక్కకు,

నీ ఉత్తరం అందింది. సముద్రంలో పోయి ఒళ్లు దొరకని మనిషిని సాగనంపితే బతికున్నవాణ్ణి చంపినట్టే, ఏడాది తిరిగేదాకా ఆగమని రాశావు. ఆగుదామనే అనుకున్నాను. నా చేతులు ఆగనివ్వడం లేదు.

మన చిన్న డోలు సంగతి నీకు తెలియనిది కాదు. ఆడేవాడి కాలు ముందు, వాయించేవాడి చేయి వెనక. అయ్య నాకు నేర్పిన మొదటి పాఠం అదే. రోజూలాగే మొన్న పొద్దుగూకేవేళ ఊరంతా ఇసుకలో గుండ్రంగా కూర్చున్నాం. నడుమ ఎవరూ ఆడటం లేదు. పిల్లలు కూడా అలిసిపోయి కూర్చున్నారు. అప్పుడు నా చేతులు వాటంతటవే పలకసాగాయి. మూడు దెబ్బలు, ఒక ఈడ్పు. మళ్లీ మూడు, ఒక ఈడ్పు. కొబ్బరిచెట్టు మీంచి పడి విరిగిన ఎడమకాలిని ఈడ్చుకుంటూ ఆడేది ఈ తీరంలో అయ్య ఒక్కడే. ఆపుదామంటే చేతులు నా మాట వినలేదు. భయమేసింది అక్కా.

పెద్ద డోలు వాయించే చిలో మామ నవ్వాడు. "ఎవరికిరా ఆ వాయింపు? దోమలు ఆడుతున్నాయా?"

బల్బీనా ముసలమ్మ కసిరింది. "నోర్మూసుకో చిలో. ఆడేది వాళ్ల అయ్య. పడవతో పోయినోడు దారి దొరక్క తిరుగుతున్నాడు. సాగనంపండిరా, పాపం కాళ్లు పీకుతుంటాయి."

అమ్మ ఇన్నాళ్లూ అయ్యకు పళ్లెం పెడుతూనే ఉంది. ఆ మాట విన్న రోజు పళ్లెం కడిగి లోపల పెట్టేసింది. నేను చూడలేకపోయాను. నీ మాట కాదని తొమ్మిది రాత్రుల ప్రార్థన రేపు మొదలుపెడుతున్నాను. కోపముంటే నా మీదే ఉంచుకో.

నీ తమ్ముడు
సెలెస్తీనో


హాప్‌కిన్స్, శనివారం

అక్కా,

నువ్వు రాలేదు. ప్రార్థనల చివరి సాయంత్రం అయ్య పడుకునే వల ఉయ్యాల విప్పేసి, ఒడ్డున డోలు పట్టుకుని కూర్చున్నాను. అయ్య అడుగు నా చేతుల్లోకి వచ్చింది. అందరి చుట్టూ తిరిగి నీళ్లవైపు నడిచింది. నా చేతుల్లో దెబ్బ సన్నబడి ఆగిపోయింది. అమ్మ గొంతెత్తి ఏడ్చింది. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాటి మర్నాడు అయ్య బస్సు దిగాడు.

ఇంజను చెడి పడవ కొట్టుకుపోతే హోండురాస్ జాలర్లు కాపాడారట. పేరు కూడా చెప్పలేని జ్వరంలో అక్కడి ఆస్పత్రిలో ఇన్నాళ్లూ పడి ఉన్నాడట. "రోజూ మన ఇసుకలో ఆడుతున్నట్టే ఉండేదిరా," అన్నాడు. "మొన్న మాత్రం మీరంతా కలిసి నన్ను నీళ్లలోకి నెట్టేశారు." నువ్వు చెప్పినట్టే అయింది.

ఆ సాయంత్రం అందరూ బలవంతపెడితే ఆడటానికి లేచాడు. కాళ్లు కదులుతున్నాయి, నా చేతులకు మాత్రం ఏమీ అందలేదు. ఖాళీ ఇసుక ముందు కూర్చున్నట్టే ఉంది. ముసలమ్మ తల పట్టుకుంది. "అడుగును పంపేసి మనిషిని మిగిల్చాం. అది వాడి కోసం రాకుండా ఉంటుందా?"

"అడుగు లేకపోతే పోనీ, ఆకలుందిగా," అంది అమ్మ. దంచిన అరటికాయ ముద్ద, కొబ్బరిపాల చేపల పులుసు వడ్డించి పక్కనే కూర్చుంది.

నిన్న నా చేతులు మళ్లీ మొదలుపెట్టాయి. మూడు, ఒక ఈడ్పు. ఈసారి అది నీళ్లలోంచి వస్తోంది. పక్కన కూర్చున్న అయ్య వంగి చెప్పులు విప్పాడు. నేను కత్తి తీసి డోలు తోలు చీల్చేశాను.

ఈ సాయంత్రం డోలు లేదు. అయినా సముద్రం వైపు నుంచి ఆ దెబ్బ ఊరంతా విన్నది. అయ్య లేచి నడిచాడు. అమ్మ ఒక చేయి, నేను ఒక చేయి పట్టుకుని ఎలాగో ఇంటికి ఈడ్చుకొచ్చాం. నిన్నటికంటే దగ్గరగా వినిపించింది అక్కా. రేపు మా ఇద్దరి బలం చాలదు. ఉత్తరం అందగానే బయలుదేరు.

సెలెస్తీనో