పిడుగుకు లొంగని హ్యాండిల్

శుక్రవారం, సాయంత్రం

ఈ రోజు నుంచి డైరీ రాస్తున్నాను. కారణం కిటికీలు.

మా మనవరాలికి మూడో ఏడు నడుస్తోంది. దానికి పెట్టిన పేరు ఒకటుంది కానీ ఎవరూ వాడరు, అందరికీ అది పిడుగు. వాళ్లమ్మ ఆఫీసుకి వెళ్తూ పొద్దున్నే మా ఇంట్లో దింపి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది. ఈ సాయంత్రం పిడుగు సోఫా ఎక్కింది. అక్కణ్ణుంచి సోఫా చేతి మీదికెక్కింది. హాలు కిటికీ హ్యాండిల్ పట్టుకుని చక్కగా తిప్పేసింది. కిటికీ బార్లా తెరుచుకుంది. మాది మూడో అంతస్తు.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి లోపలికొచ్చి పిల్లను లాక్కుంది కాబట్టి సరిపోయింది. నేనెక్కడున్నానంటే అదే గదిలో, పేపర్లో పదకేళి నింపుతూ ఉన్నాను.

అమ్మాయి ముందు కిటికీ మూసింది. తర్వాత మెల్లగా అంది.

"అమ్మా, నిన్ను నేనేమీ అనడం లేదు. కానీ నెలాఖరులోగా ఈ కిటికీలకి ఇది తీయలేని లాకులు పడాలి. లేదంటే ఒకటో తారీఖు నుంచి డే కేర్‌లో వేసేస్తాను. సీటు కూడా అడిగి ఉంచాను."

"ఏమీ అనడం లేదు" అని మొదలుపెడితే మా అమ్మాయి అన్నీ అనేసినట్టే.

ఇది వెళ్లిపోతే ఈ ఇంట్లో మిగిలేది నేనూ, ఆయనా, ఆయన టీవీ. నేను ఒప్పుకోను. అందుకే ఈ క్షణం నుంచి మూడు నియమాలు.

ఒకటి: ఎవరినీ సలహా అడగను. ఉద్యోగమంతా పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, కిటికీకి లాకు ఎంచుకోలేనా?

రెండు: వచ్చే ఆదివారానికల్లా బిగించడం కూడా అయిపోవాలి.

మూడు: ఈ వ్యవహారమంతా పిడుగు కంట పడనివ్వను.

శనివారం

శుభారంభం. పిడుగుకి సెలవు, నాకు పని.

కిటికీలన్నీ పరిశీలించాను. రెండేసి అద్దాలు, మధ్యలో గాలి. బయట లారీ వెళ్లినా లోపలికి వినపడదు. హ్యాండిల్ తిప్పితే రెక్క అంచున ఉన్న గడియలన్నీ ఒకేసారి చట్రంలోకి దిగుతాయి. కట్టిన వాళ్లు బుర్ర ఉన్నవాళ్లే. బయటినుంచి వచ్చే దొంగకి తల ప్రాణం తోకకొస్తుంది. చిక్కంతా ఎక్కడంటే, మా దొంగ లోపలే ఉంది, పాలు తాగి మరీ పని మొదలుపెడుతుంది.

ఒక హ్యాండిల్ ఊడదీసి చూశాను. వెనక నలుచదరపు ఇనుప ముక్క ఒకటి ఉంది, అదే లోపలి గడియల్ని తిప్పేది. దాని పొడవు సరిగ్గా లేకపోతే కొత్త హ్యాండిల్ కూర్చోదు. స్కేలు పెట్టి కొలిచాను. ఏ కిటికీకి ఎడమ చేతి వాటం, దేనికి కుడి చేతి వాటం, అదీ రాసుకున్నాను.

ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా అన్నారు. "కిటికీలకి చొక్కాలు కుట్టిస్తున్నావా ఏమిటోయ్?"

పట్టించుకోలేదు. మనసు చాలా ప్రశాంతంగా ఉంది.

సోమవారం, మధ్యాహ్నం

పిడుగుని ఆయనకి అప్పగించి హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను. షాపాయన మంచి మాటకారి. మామూలు హ్యాండిల్, తాళంచెవి ఉన్న హ్యాండిల్, బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప తిరగని హ్యాండిల్, కిటికీ నాలుగు వేళ్ల సందుకి మించి తెరుచుకోకుండా ఆపే కేబుల్. అన్నీ విడమరచి చెప్పాడు. చిన్నపిల్లలున్న ఇంటికి తాళంచెవిదే మేలన్నాడు.

సలహా నేను అడగలేదు. షాపాయన చెప్తుంటే విన్నాను. రెండూ ఒకటి కాదు.

వచ్చేటప్పుడు ఒక శాంపిల్ చెక్క ఇచ్చాడు. దాని మీద అన్ని రకాల హ్యాండిళ్లూ వరసగా బిగించి ఉన్నాయి. "ఇంట్లో నిదానంగా తిప్పి చూసుకోండి మేడం, గురువారం తెచ్చివ్వండి" అన్నాడు.

ఇంటికి తెచ్చి మంచం కింద దాచాను. మూడో నియమం గుర్తుంది.

మంగళవారం

పొద్దున టీ చల్లారకముందే పిడుగు మంచం కింద ఉంది.

లాక్కుందామనే వెళ్లాను. కానీ ఒక్క మాట రాయాలి: అది అంత నిశ్శబ్దంగా ఒకచోట కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. బట్టలన్నీ ఇస్త్రీ చేశాను. పదకేళి పూర్తి చేశాను. పైగా ఆలోచిస్తే ఇది మంచిదే. పిల్ల తీయలేని లాకు కావాలంటే పిల్లతోనే కదా పరీక్ష రాయించాలి. ప్రశ్నపత్రం చూపించకుండా మార్కులు వేసే అలవాటు నాకు లేదు.

మామూలు హ్యాండిల్: చిటికెలో తీసేసింది. ఫెయిల్. అంటే హ్యాండిల్ ఫెయిల్.

తాళంచెవిది: చెవి దూర్చింది కానీ తిప్పడం రాలేదు. అటూ ఇటూ గుంజింది. మూతి ముడిచింది. పాపం, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. చూస్తూ ఎలా ఊరుకోను?

"అటు కాదు తల్లీ, కుడివైపుకి. అన్నం తినే చెయ్యి వైపు."

తిప్పింది. టక్‌మంది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

బుధవారం

తాళంచెవి కనిపించడం లేదు. శాంపిల్ చెక్కది. షాపాయనకి రేపు తిరిగివ్వాలి.

"ఎక్కడ పెట్టావే?" అంటే "దాచేచా" అంటుంది, అంతకుమించి నోరు విప్పదు. ఇల్లంతా గాలించాం. మధ్యాహ్నం ఆయన బయటికి వెళ్లబోతూ బూటులో కాలు పెట్టి ఎగిరి గంతేశారు. దొరికింది.

దీన్నిబట్టి తేలిందేమిటంటే పిడుగూ తాళంచెవీ ఒక ఇంట్లో ఇమడవు. ఆ రకాన్ని లెక్కలోంచి తీసేశాం.

మనసు ఊగిసలాడుతుంటే వదినకి ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలకే. మాటల్లో మాటగా కిటికీల సంగతి వచ్చింది. "తాళంచెవి మాత్రం పెట్టించకు వదినా, ఇంట్లో పొగ కమ్ముకుంటే చెవి వెతుక్కుంటూ కూర్చుంటారా?" అంది. కింది ఇంట్లో రిటైరైన పోలీసాయన మెట్ల మీద ఎదురుపడ్డారు. నేను ఏమీ అడగలేదు, చెక్క చేతిలో ఉంది, అంతే. "చెవి లేనిది లాకెలా అవుతుందమ్మా?" అన్నారు. ఇంటికొచ్చేసరికి మా ఆయన అందుకున్నారు.

"ఇదంతా ఎందుకోయ్. సోఫా అవతలి గోడకి జరిపితే పోదూ?"

సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు. ఎందుకంటే ఆ మాట నాకు తట్టలేదు.

జరిపాం. పిడుగు వంటింట్లోంచి పీట ఈడ్చుకొచ్చింది. అప్పుడు మాట్లాడాను.

ఇక మిగిలింది బటన్‌ది. పిడుగు రెండు చేతులా వేలాడింది, కాలు కూడా వాడింది. దాని బొటనవేలికి అంత బలం లేదు. బటన్ దిగదు, హ్యాండిల్ తిరగదు. నిర్ణయం అయిపోయింది. ఎవరి సలహా లేకుండా.

గురువారం

అన్ని కిటికీలకీ బటన్ హ్యాండిళ్లు, అదనంగా కేబుళ్లు. కొనేశాను. ఇనుప ముక్క పొడవు వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు. షాపాయన "ఎంత కరెక్టుగా కొలిచారు మేడం" అన్నాడు. లెక్కల టీచర్‌ని అని చెప్పాను. అడక్కపోయినా చెప్పాను.

శుక్రవారం

ఫిట్టర్ వచ్చాడు. మొదటి హ్యాండిల్ పెట్టి చూశాడు, గోడకి గుద్దుకుంటోంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఎడమవన్నీ కుడివి, కుడివన్నీ ఎడమవి తెచ్చారమ్మా" అన్నాడు.

శనివారం నాడు సోఫాలో కూర్చుని రాసుకున్నాను. కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నానన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. పప్పులో కాలేశాను. ఆయన లోపలికి వెళ్లి తలుపేసుకుని నవ్వుకున్నారు. తలుపుకి రెండు అద్దాలు లేవు కాబట్టి అంతా వినపడింది.

షాపాయన మార్చి ఇచ్చాడు. ఈసారి నన్ను ఏమీ పొగడలేదు.

శనివారం, సాయంత్రం

అన్నీ బిగించేశాం. తెల్లగా, నున్నగా, ఎంత అందంగా ఉన్నాయో. నొక్కి తిప్పితే మెత్తగా తిరుగుతున్నాయి, ఆపైన కేబుల్ పట్టి ఆపుతోంది. ఇంటికి కొత్త కళ వచ్చింది. అమ్మాయికి ఫోన్ చేసి రేపు పరీక్షకి రమ్మన్నాను. ఎల్లుండే ఒకటో తారీఖు.

పిడుగు ఇక్కడే ఉంటుంది. నాకు అనుమానమే లేదు.

ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

అమ్మాయి వచ్చింది. ముందు తనే హ్యాండిల్ పట్టుకుని బలంగా గుంజింది. తిరగలేదు. "బాగుందమ్మా, గట్టిదే తెచ్చావు" అంది. నేల మీద ఉన్నానో గాల్లో ఉన్నానో తెలియలేదు. తర్వాత పిడుగుని ఎత్తుకొచ్చి కిటికీ ముందు పీట మీద నిలబెట్టి, వెనక నడుం పట్టుకుంది. "ఏదీ, కిటికీ తియ్యి చూద్దాం."

పిడుగు హ్యాండిల్ పట్టుకుని లాగింది. ఊహూఁ. బటన్ మీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఊహూఁ. ఇంకోసారి నొక్కింది. అమ్మాయి నావైపు చూసి నవ్వింది. ఆయన కూడా టీవీ ఆపి మెచ్చుకోలుగా చూశారు.

అప్పుడు పిడుగు నావైపు తిరిగింది. మూతి ముడుచుకుంది. కింది పెదవి వణికింది. తరగతిలో బోర్డు దగ్గర నిలబడి, లెక్క రాక, నావైపు చూసే పిల్లల మొహాలు ఎన్నేళ్లు చూశాను. నోరు నా అదుపులో లేదు.

"ఒక వేలితో కాదు తల్లీ. రెండు బొటనవేళ్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కు. ఆఁ, అలాగే ఉంచి, ఇప్పుడు గడ్డంతో తొయ్యి."

నొక్కింది. తోసింది. తెరుచుకుంది.

"శభాష్" అని అరిచింది కూడా నేనే.

కేబుల్ నాలుగు వేళ్ల దగ్గర పట్టి ఆపింది, పిల్లకి ఏమీ కాలేదు. పిడుగు ఒక్కతే చప్పట్లు కొట్టుకుంటోంది.

అమ్మాయి మొదట నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, తుడుచుకుని, అప్పుడు అంది. "అమ్మా, లాకు మంచిదే. దానికి తాళంచెవి నువ్వే."

రేపటి నుంచి డే కేర్. చేతులారా చేసుకున్నాను. వాళ్లు వెళ్లాక వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆయన వెనకే వచ్చి టీ పెట్టారు. చక్కెర ఎక్కువేశారు. తాగాను.

సోమవారం, ఒకటో తారీఖు

ఏమీ జరగలేదు. ఇల్లు ఎక్కడి సామాను అక్కడే ఉంది. నాకు అది బాగాలేదు.

మంగళవారం

పదకేళి రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. మధ్యాహ్నం ఆయనే అన్నారు, "దాని గోల లేక చెవులు హోరెత్తుతున్నాయోయ్" అని. ఇన్నేళ్ల కాపురంలో మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నది ఈ రోజే.

బుధవారం, సాయంత్రం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. డే కేర్ నడిపే ఆవిడ. అమ్మాయి మీటింగులో ఉండి ఎత్తలేదట, అందుకని నాకు చేశారు. పిల్లకేమైందని ముందే అడిగేశాను.

"పాప బాగుందండీ. చాలా బాగుంది. మిగతావాళ్లే..." అని ఆగారు. "పిల్లల్ని పడుకోబెట్టే గది తలుపుకి మాకు బటన్ హ్యాండిల్ ఉంది. ఇన్నాళ్లూ ఏ పిల్లలూ తీయలేదు. మీ పాప తీసింది."

"పోనీలెండి, చిన్నపిల్ల" అన్నాను. లోపల కొంచెం గర్వంగానే ఉంది.

"తీసి ఊరుకోలేదండీ. మళ్లీ మూసింది. పిల్లలందరినీ వరసలో నిలబెట్టింది. ఒక్కొక్కళ్లనీ పిలిచి, రెండు బొటనవేళ్లూ పెట్టు తల్లీ, గడ్డంతో తొయ్యి తల్లీ అని నేర్పించింది. వచ్చినవాళ్లకి శభాష్ అంటోంది. రానివాళ్లకి మళ్లీ చెప్తోంది. ఓపికగా. ఇప్పుడు అందరికీ వచ్చేసింది. మీ ఇంట్లో ఎవరైనా టీచర్లు ఉన్నారా అండీ?"

నాకొచ్చింది నవ్వో, ఏడుపో నాకే తెలియలేదు. రెండూ వచ్చాయి.

తలుపులకి కొత్త లాకులు పెట్టించేదాకా పాపని ఇంట్లోనే ఉంచమన్నారు. చివర్లో కొంచెం మొహమాటపడుతూ, "ఏ లాకు పెడితే బాగుంటుందో మీకేమైనా తెలిస్తే..." అన్నారు.

తెలుసన్నాను.

సాయంత్రం అమ్మాయి పిల్లను ఈ రాత్రికి మా దగ్గరే ఉంచుకోమని తెచ్చి దింపి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "కొన్నాళ్లేనమ్మా. ఈసారి మన కిటికీలకి కూడా తాళంచెవివే పెట్టించు. చెవి నీ మెడలో గొలుసుకి ఉండాలి. దీనికి ఏమీ నేర్పకు. నీకు దండం పెడతాను." పిడుగు అప్పటికే నా కాళ్లని చుట్టేసుకుంది.

కాబట్టి మళ్లీ మొదటి నుంచి. ఈసారి రెండు ఉద్యోగాలు: మా కిటికీలు, డే కేర్ తలుపులు.

ఒకటి: ఎవరినీ సలహా అడగను.

రెండు: ఎడమా కుడీ కిటికీకి ఎదురుగా నిలబడి రాసుకుంటాను.

మూడు: పిడుగుకి ఏమీ నేర్పను. ఇది మాత్రం రేపటి నుంచి. ఈ పూట ఇద్దరం గోడ గడియారం విప్పుతున్నాం, పని సగంలో ఉంది.