అతుకు దగ్గర బుడగలు

నాన్నా, నేను కులాసా. ఉద్యోగం దొరక్క ఇనుప సామానుతో కాలక్షేపం చేస్తున్నానని బాబాయితో అన్నావట. కాలక్షేపానికి ఎవరూ చేతులు కాల్చుకోరు. నేను పనిచేసే షెడ్డులో తయారవుతున్న గుట్టలెక్కే బండికి మొదట పాత స్కూటరు ట్యాంకు బిగించాను. ఎత్తు రాగానే పెట్రోలంతా వెనక్కి జారి ఇంజను ఆగిపోయింది. ఈసారి రేకు కోసి, లోపల పెట్రోలు ఒక్కసారే జారకుండా అడ్డుపలకలు పెట్టి, కొత్త ట్యాంకు నేనే చేశాను. సైకిలు పంపుతో గాలి కొట్టి సబ్బునురగ రాస్తే ఒక వెల్డింగు అతుకు దగ్గర బుడగలొచ్చాయి.

"రంగేస్తే ఎవరికి కనబడుతుందమ్మాయ్?" అన్నాడు షెడ్డు మేస్త్రి.

"పెట్రోలుకి కనబడుతుంది" అని, ఆ అతుకు చెక్కేసి మళ్లీ వేశాను. మర్నాడే రెండో బండి పనీ నాకే అప్పగించాడు.

నా పాత నూలు చొక్కాలు పంపు, నైలానువి నిప్పురవ్వలకి తూట్లు పడుతున్నాయి. నీ మోకాలు ఎలా ఉంది? వేళకి తింటున్నానని అమ్మకి చెప్పు. బాబాయి చూసిన ఆఫీసు ఉద్యోగంలో నేను చేరడం లేదు.