పేర్లు లేని కార్డులు

అమ్మకు,

నీ చిన్నది నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ పిన్నీ నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మనసు సంగతి కింద రాస్తాను. నువ్వూ, నీ మోకాళ్లూ, ఆసుపత్రి లాండ్రీలో నీతో పనిచేసే అక్కలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈసారి ఉత్తరం ఆలస్యమైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చింపేశాను. నేల మీద కాగితం ముక్కలు చూసి పిన్ని, "ఉత్తరం రాస్తున్నావా, దిండులోకి దూది ఏకుతున్నావా" అంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. దగ్గు తగ్గింది. కళ్లద్దాల కాడ దారంతో కట్టుకుని తిరిగానని పిన్ని రాసింది నిజమే, కానీ కొత్త ఫ్రేము వేయించాను. అది ముక్కు మీద నిలవడం లేదు. పరీక్షలు వచ్చే నెల పదో తారీఖు నుంచి. తెల్లవారుజామున లేచి చదువుతున్నాను. నిఘంటువు రోజుకు రెండు పేజీలు చొప్పున మానకుండా చదువుతున్నాను, 'క' దగ్గర ఉన్నాను. నిన్న 'కినుక' అన్న మాట వచ్చింది. అలకకు దగ్గర్లో ఉండే కోపమట. చాలా అందమైన మాట. కానీ ఇప్పుడు నాకున్న కోపానికి అది చాలదు.

ఇక నువ్వు ఆఖర్న అడిగింది. నీ మాటలే మళ్లీ రాస్తున్నాను: "రేడియోలో మాట్లాడే ఆ మాస్టారిని అందరూ దొంగ అంటున్నారు. నువ్వు శనివారాలు ఆయన ఆఫీసులో పని చేశావు కదే, అబద్ధమని ఒక్క ముక్క రాయి. తల్లి పిలిస్తే నిద్ర నటించానని అంతమంది ముందు ఒప్పుకున్నవాడు దొంగ కాలేడు. అంత పెద్దమనిషికీ నాలాగే జరిగిందంటే నేను మరీ పాపిష్టిదాన్ని కానేమో అనిపించింది. ఆ రోజు నుంచే నాకు కాస్త నిద్ర పడుతోంది."

అమ్మా, అబద్ధం కాదు. ఆయన దొంగే.

ఆయన పని ఎలా నడిచేదో చెబితే గానీ నీకు అర్థం కాదు. ఆదివారం అరగంట ప్రసంగానికి వారమంతా బస్తాలకొద్దీ ఉత్తరాలు వచ్చేవి. శనివారం ఆరుగురు విద్యార్థులం ఒక పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని వాటిని చదివేవాళ్లం. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ తెరుచుకోదు. గోడ పొడవునా చిన్న చిన్న సొరుగుల బీరువా. సొరుగుల మీద చీటీలు: తల్లి, ఆకలి, వాన, సిగ్గు, చావు, క్షమాపణ. మంచి వాక్యం కనిపిస్తే కార్డు మీద ఎత్తి రాసి ఆ సొరుగులో వేయాలి. ఒక కార్డుకు ఒకటే సంగతి. కింద తేదీ. పేరు మాత్రం రాయకూడదు.

పేరు ఎందుకు వద్దని మొదటి రోజే అడిగాను. ఆయన నవ్వి, "పేరు చూస్తే మనిషి మీద దయ కలుగుతుంది అమ్మాయ్. దయతో చదివితే వాక్యం బాగోగులు తెలియవు" అన్నారు. ఆ మాట ఎంత నచ్చిందంటే నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తే ఒళ్లు మండుతోంది.

ఆయన్ని పట్టించింది రిటైరైన ఒక లెక్కల టీచరు. ఆవిడకు ఏ ఉత్తరం రాసినా కింద కార్బన్ పెట్టి నకలు దాచుకునే అలవాటట. రేడియో ప్రసంగాలతో వేసి బహుమతి తెచ్చుకున్న ఆయన పుస్తకంలో తన ఉత్తరం కనిపించేసరికి నకలు తీసి పత్రికకు పంపింది. పత్రికవాళ్లు రెండూ పక్కపక్కన వేశారు. ఆ తర్వాత నలభై ఒక్కమంది బయటికొచ్చారు. బహుమతి వెనక్కి తీసుకున్నారు, పుస్తకాలు షాపుల్లోంచి తీసేశారు, ఎవరి వాక్యాలు పోయాయో తేల్చడానికి ఒక కమిటీ వేశారు.

ఇక మనుషుల సంగతి. బస్టాపు పక్క మంగలి షాపులో ఆయన ఫొటో ఎంత పెద్దదో నీకు గుర్తుండే ఉంటుంది. మంగలి దాన్ని తిరగేసి వెనకవైపు రేట్లు రాసి మళ్లీ అదే మేకుకు తగిలించాడు. "ఫ్రేము మంచిది తల్లీ, పారేయబుద్ధి కాలేదు" అన్నాడు. ఆ మంగలి మీద నాకు కోపం రాలేదు. కోపం మా ప్రిన్సిపాలు మీద వచ్చింది. పోయినేడు మాస్టారు కాలేజీకి వస్తే వెనకాల గొడుగు పట్టుకుని నడిచిన మనిషి, మొన్న క్లాసులో నిలబడి, "నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉండేది" అన్నాడు. అనుమానం ఉన్నవాడు గొడుగు ఎందుకు పట్టాడో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. హాజరు గుర్తొచ్చి ఊరుకున్నాను.

అసలు నిప్పు రాజుకుంది పోయిన ఆదివారం. మాస్టారు రేడియోలో సంజాయిషీ చెప్పుకున్నారు. అదే గొంతు, అదే తేనె. "పిల్లలు కార్డుల మీద పేర్లు రాయడం మరిచిపోయారు. ఏది నా వాక్యమో ఏది పరాయి వాక్యమో తెలియని స్థితి వచ్చింది. చిన్నపిల్లలు, వాళ్లను ఏమీ అనకండి" అన్నారు. విన్నావా అమ్మా. మరిచిపోయామట. పైగా మమ్మల్ని క్షమిస్తున్నాడట. పిన్ని వంటగదిలోంచి వచ్చి రేడియో కట్టేసి, "నీకెందుకే, నోరు మూసుకుని పరీక్షలకు చదువుకో" అంది. "వాడు నన్ను మతిమరుపుదాన్ని చేస్తుంటే నోరు మూసుకోనా" అన్నాను. "పెద్దవాళ్లు కొట్టుకుంటుంటే మధ్యలో నువ్వెందుకు నలగడం" అంది. నేను ఎప్పుడో నలిగిపోయానని ఆవిడకు తెలియదు. అది నీకే ముందు చెప్పాలి.

ఏడు నెలల కింద నువ్వు నాకొక ఉత్తరం రాశావు. నాన్న పోయాక మూడేళ్లకు మొదటిసారి ఆ రోజు గురించి చెప్పావు. "మధ్యాహ్నం రెండింటికి మీ నాన్న పిలిచారు. నాకు వినపడింది. మూడు రోజులుగా కుర్చీలోనే ఉన్నాను, పది నిమిషాలు ఆగి లేద్దామని నిద్ర నటించాను. కళ్లు తెరిచేసరికి నర్సు దుప్పటి పైకి లాగుతోంది. ఇప్పుడు ఎన్ని దుప్పట్లు ఉతికినా ఆ పిలుపు మాత్రం వదలడం లేదే" అని రాశావు. ఎవరికీ చెప్పొద్దని కింద గీత గీసి మరీ రాశావు.

ఆ వారం నా బస్తాలో ఒక్క మంచి కార్డూ దొరకలేదు. మిగతావాళ్లు పదీ పన్నెండూ రాసి ముందర పేర్చుకున్నారు. నేను ఖాళీ చేతులతో కూర్చున్నాను. నీ ఉత్తరం సంచీలో ఉంది. దాన్ని తీశాను. నాన్న అన్న చోట 'ఒక మనిషి' అని మార్చి కార్డు మీద ఎత్తి రాశాను. ఎవరి బలవంతమూ లేదు. మా అమ్మ వాక్యం ముందు ఈ బస్తాలన్నీ ఎందుకు పనికొస్తాయని గర్వపడి రాశాను.

మాస్టారు వచ్చి కార్డులు తిరగేస్తూ దాని దగ్గర ఆగారు. నిలబడే రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీశారు. "ఎవరు రాశారిది" అన్నారు. నేను లేచి, "మా అ..." అనబోయాను. ఆయన వేలు పెదాల మీద పెట్టి, "ఉష్, పేరొద్దు" అన్నారు. ఆ రోజు నుంచి నన్ను 'వాక్యాల పిల్ల' అని పిలిచేవారు. ఆ పిలుపు విని మిగతా ఐదుగురూ నన్ను ఈర్ష్యగా చూసేవారు. నేను మురిసిపోయేదాన్ని.

రెండు నెలలకు అది రేడియోలో వచ్చింది. నాన్న చోట వాళ్లమ్మను పెట్టుకున్నాడు. నీ దుప్పట్లు తీసేసి, "ఎన్ని సభల్లో మాట్లాడినా ఆ పిలుపు మాత్రం వదలడం లేదు" అన్నాడు. జేబురుమాలు కూడా ఎన్నడూ ఉతుక్కోని మనిషి, దుప్పట్లు తనకు నప్పవని గ్రహించాడు. పక్కన పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నేనేం చేశానో రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను పొంగిపోయాను. మా అమ్మ మాటను ఇన్ని ఇళ్లలో వింటున్నారనుకున్నాను. నీ గుండెలోది తీసుకెళ్లి బజారులో పెట్టానన్న ఆలోచనే రాలేదు. వాళ్లమ్మ పోయేనాటికి ఆయన ఎక్కడో సన్మానంలో ఉన్నాడనీ, మూడో రోజుకు గానీ ఇంటికి రాలేదనీ మొన్న పత్రికలో చదివాను. ఆవిడ పిలిచినా వినే దూరంలో అతను లేడు.

వెంటనే నీకు రాయాల్సింది. కానీ ఆ ప్రసంగం విని నీకు నిద్ర పడుతోందని రాశావు. నీ నిద్ర చెడగొట్టలేక ఊరుకున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. నువ్వు నన్ను అసహ్యించుకుంటావని భయపడ్డాను. ఐదు నెలలు దగ్గు గురించీ చెప్పుల గురించీ రాస్తూ గడిపాను. ఆయన నీ మాట దొంగిలించాడు, ఇంటి తలుపు తీసి దారి చూపించింది నేను. ఆయన మీద ఎంత కోపముందో నా మీదా అంతే ఉంది, కొలిస్తే నాదే కాస్త ఎక్కువ తూగుతుందేమో.

కమిటీ వచ్చే గురువారం కార్డులు రాసినవాళ్లను రమ్మంది. పేర్లు వద్దన్నది ఆయనేనని చెప్పడానికి వెళతాను. మిగతా ఐదుగురూ వెనకాడుతున్నారు. నా చేతిరాత కార్డు వాళ్లకు 'చావు' సొరుగులో దొరికిందట. ఉష్ అన్న సంగతి చెబితే, "అసలు ఉత్తరం ఏదమ్మా" అంటారు. అది చూపిస్తే, సొంత అమ్మ పేరు ఏ కూతురూ మరిచిపోదు గనక నా మాట నిలుస్తుంది, ఆయన సంజాయిషీ కూలుతుంది. కానీ అందులో నీ రహస్యం ఉంది, కింద నువ్వు గీసిన గీత ఉంది. ఒకసారి నిన్ను అడక్కుండా ఆ ఉత్తరం సంచీలోంచి తీశాను. రెండోసారి తీయను. నువ్వు వద్దంటే నన్ను అబద్ధాలకోరు అన్నా పడతాను. చూపించమంటే నీ పేరుతోనే చూపిస్తాను. బుధవారం లోగా పిన్ని పనిచేసే చోటికి ఫోన్ చేసి అవుననో కాదనో ఒక్క మాట చెప్పు, చాలు.

ఇంకొక్కటి. నిన్న ఆ ఆఫీసుకు వెళ్లాను. కమిటీవాళ్లు బీరువా పట్టుకుపోయారు, బస్తాలు మాత్రం వదిలేశారు. శనివారాలు మా పని చూసే ఆవిడ, మేం పెద్దక్క అనేవాళ్లం, ఒక్కతే ఊడుస్తూ కనిపించింది. నీ మాటలు వచ్చిన ప్రసంగం తర్వాత చేరిన ఉత్తరాల బస్తా కావాలన్నాను.

"ఎందుకే అవి. రేపు చిత్తుకాగితాలవాడు వస్తాడు" అంది.

"మా అమ్మకు వచ్చినవి అక్కా."

చీపురు పట్టుకునే నా మొహంలోకి చూసింది. "అయితే ఆ కార్డు..." అని ఆగిపోయింది. తర్వాత చీపురు గోడకు ఆనించి, తాడు తెచ్చి, బస్తా మూతి తనే కట్టింది. "నాకు తెలిసినా నోరెత్తేదాన్ని కాదేమోనే" అంది.

పొద్దుటి నుంచీ అవే చదువుతున్నాను. ఒక బస్సు డ్రైవరు రాశాడు, తమ్ముడు ఫోన్ చేస్తే విసుగొచ్చి ఎత్తలేదట, ఆ తర్వాత ఇక మోగలేదట. ఒక నర్సు రాసింది, డ్యూటీ దిగే వేళయిందని, ఒక రోగి గంట కొట్టి పిలిచినా వినబడనట్టు నడిచి వెళ్లిపోయిందట. ఒకావిడ అచ్చం నీలాగే భర్త మంచం పక్కన కళ్లు మూసుకుందట. "ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే అనుకున్నాను. మీరెలా తట్టుకుంటున్నారో ఒక్క ముక్క రాయగలరా" అని అడిగి, చిరునామా రాసి, తిరుగు స్టాంపు కూడా పెట్టింది. అలా జవాబు అడిగినవాళ్లు ముప్పై ఏడుగురు తేలారు. ఆయన ఒక్కరికీ రాయలేదు. ఏం రాస్తాడు, తట్టుకోవడానికి ఆయన దగ్గర ఏముంది గనక.

ఆ పెద్దమనిషికీ నీలాగే జరిగిందని ఓదార్పు పొందావు. అది నీకు లేకుండా పోతోంది, ఆ పాపం నాదే. కానీ ఈ బస్తాలో వాళ్లున్నారు. రేపు పార్శిల్ పంపుతున్నాను. అన్నిటి మీదా పేర్లున్నాయి, ఒక్కటీ చింపలేదు. చదువుతావో, పక్కన పెడతావో నీ ఇష్టం.

నా మీద ఎంత కోపం వస్తే అంతా రాయి. తగ్గించకు. నువ్వు రాసే ఆ ఉత్తరంలోంచి ఒక్క వాక్యం కూడా నా చేతుల్లోంచి బయటికి పోదు.

ఇట్లు,
నీ మాట కాపాడలేకపోయిన
నీ చిన్న కూతురు